ఎనిమిది మిల్లీమీటర్ల అదనపు పాదం

బూట్లు సోమవారం ఉదయం పదిన్నరకి వచ్చాయి. రైలు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి. ఆ లోపల ఒక పాదం ఒక బూటులో దూరాలి. పని అంతే. దానికి మా ఆఫీసు నలభై మూడు కాగితాలు, ఒక ఎముకల డాక్టరు, ఒక లారీ జాకీ వాడింది.

మా ఆఫీసు పేరు జిల్లా శీతకాల క్రీడల అమలు కార్యాలయం. ఉండేది రాయిగెడ్డలో. రాయిగెడ్డలో మంచు పడదు. జనవరిలో కూడా మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా బస్టాండు దాటలేం. అయినా ఆఫీసు పెట్టారు, ఎందుకంటే ప్రతి జిల్లాలోనూ పెట్టారు. మంచు ఉన్న జిల్లా, లేని జిల్లా అని తేడా చూపిస్తే వివక్ష అవుతుందట.

మా డిప్యూటీ డైరెక్టరు విశ్వంభరం గారు చార్జి తీసుకున్న రోజే చాంబరులో ఏసీని పదహారు మీద పెట్టి, రిమోట్‌ని బీరువాలో పెట్టి తాళం వేశారు. శీతకాల వాతావరణం ఆఫీసు నుంచే మొదలవ్వాలని ఆయన సిద్ధాంతం. సంతకాలకి వెళ్లేవాళ్ల కోసం గుమ్మం పక్కన మేకుకి ఒక స్వెట్టరు వేలాడుతూ ఉంటుంది. నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు పట్నాయకుని గోవర్ధనం. ఆ స్వెట్టరు మోచేతుల దగ్గిర చిరిగింది నావల్లే.

విశ్వంభరం గారు మా శాఖకి దేవాదాయ శాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. ఈ ముక్క గుర్తుంచుకోండి. బుధవారం నాడు అవసరం పడుతుంది.

ఇక పాదం సంగతి. అది కిల్లో దేవమణిది. పందొమ్మిదేళ్లు, కొండమీద ఊరు. చిన్నప్పుడు జీలుగు చెట్టు మట్ట మీద కూర్చుని ఏటవాలు గడ్డిలో జారేది. పెద్దయ్యాక అదే ఏటవాలులో మిరియాల బస్తా నెత్తిన పెట్టుకుని చెప్పుల్లేకుండా దిగేది. హాస్టలు వాళ్లు నెల రోజుల శిక్షణకి కశ్మీరు పంపితే, రెండో రోజు స్కీ పలకలు కట్టుకుని మంచు మీద నిలబడింది, నెలాఖరుకి శిక్షకుడిని దాటిపోయింది. నిరుడు జాతీయ పోటీల్లో అద్దె బూట్లతో తొమ్మిదో స్థానం. బూట్లు వదులై రెండు కాలిగోళ్లు ఊడిపోయాయి. ఈసారి పోటీలు కశ్మీరులోనే, మొదటి ముగ్గురిలో వస్తే అక్కడి శిక్షణ కేంద్రంలో ఆమెకి చోటు ఖాయం. ఇరవై ఏళ్లలోపు విభాగంలో ఇదే ఆఖరి ఏడు. మార్చిలో ఆమెకి ఇరవై నిండుతాయి. రాకపోతే మళ్లీ మిరియాల బస్తా.

సోమవారం పెట్టె విప్పాం. తెల్లటి బూట్లు, మోకాలి కింద దాకా వచ్చే ఎత్తు, ఒక్కోదానికి నాలుగు ఇనప క్లిప్పులు. గచ్చు మీద పెడితే రోకలి పెట్టినట్టు చప్పుడైంది.

దేవమణి వాటిని చూసి మురిసిపోలేదు. ముందు లోపలి మెత్తటి తొడుగు బయటికి లాగింది. వట్టి ప్లాస్టిక్ డొప్పలో కాలు పెట్టి, వేళ్లు ముందుకి ఆనించి, మడమ వెనక తన చూపుడు వేలు దూర్చి చూసింది.

"పొడుగు సరిపోయింది సార్. మడమెనకాల ఒక ఏలు పడతంది, అలాగే ఉండాలట. ఎడల్పే నేదు. సిటికెనేలు దగ్గిర నొక్కీస్తంది."

నేను స్కేలు పెట్టి కొలిచాను. బూటు లోపల తొంభై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆమె పాదం నూట ఆరు. చెప్పుల్లేకుండా బరువు మోసిన పాదం. వేళ్లు ఐదూ నేలని పట్టుకోవడానికి తలో వైపుకీ విచ్చుకుని ఉన్నాయి.

విశ్వంభరం గారు కుర్చీలోంచే విన్నారు.

"కొనుగోలుకై మనము పంపిన ఇండెంటులో పొడవు మాత్రమే కోరబడినది. వెడల్పు కోరబడలేదు. కావున వెడల్పు విషయము ఉత్పన్నము కాదు," అన్నారు.

"కాలికి ఉత్పన్నమైపోనాది సార్," అంది దేవమణి.

ఆయన నియమావళి తెరిచారు. పైఆఫీసు నుంచి వచ్చిన శీతకాల క్రీడా పరికరముల నియమావళి, ఢిల్లీ ఇంగ్లీషు నుంచి ఎవరో ఒక్క రోజులో తెలుగు చేసింది. నాలుగో నిబంధన వేలు పెట్టి చదివారు. "ప్రభుత్వ పరికరముల ఆకృతిని ఏ పరిస్థితులలోనూ మార్చరాదు." పుస్తకం మూసి ఆమె కాళ్ల వంక చూశారు. "పాదము ప్రభుత్వ పరికరము కాదు. దాని విషయములో నియమావళి మౌనము వహించినది."

అప్పుడే నాకు కొద్దిగా భయం వేసింది.

అయితే ఆయన వెంటనే పాదం జోలికి పోలేదు. ముందు సామరస్యంగా ప్రయత్నించారు. పక్క జిల్లాలో పొడుగూ వెడల్పూ రెండూ పెద్దవైన బూట్లు ఖాళీగా ఉన్నాయని ఫోనులో తెలిసింది. అక్కడి క్రీడాకారుడు పెళ్లి కుదిరి ఆట మానేశాడట. మంగళవారం పొద్దున్నే జీపు పంపి తెప్పించాం. దేవమణి కాలికి అవి మూడు వేళ్ల వదులు. విశ్వంభరం గారు ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు తెప్పించి ఒకదాని మీద ఒకటి తొడిగించారు. ఆమె చాంబరులో నాలుగడుగులు వేసింది.

"సౌఖ్యముగా ఉన్నదా?"

"సౌఖ్యంగానే ఉంది సార్. పరుపునాగుంది."

"మరి అభ్యంతరమేమి?"

"పరుపు కట్టుకోని కొండ దిగనేను సార్. నాను మోకాలు ఇటు తిప్పితే స్కీ కూడా ఇటు తిరగాల. ఇందులో కాలు తిరుగుతాది, బూటు తిరగదు. నిరుడూ ఇదే అయింది. సన్న మేజోడు ఒకటేసుకుంటే బిగువుగా పట్టీయాల, అలాగని నొక్కీకూడదు. మా సారు సెప్పినారు."

విశ్వంభరం గారు నాకేసి తిరిగి డిక్టేషన్ ఇచ్చారు. "క్రీడాకారిణి సౌఖ్యమును నిరాకరించినది. కావున ప్రత్యామ్నాయ మార్గములు అన్వేషించవలసి వచ్చినది."

ఆ ప్రత్యామ్నాయ మార్గం బుధవారం ఉదయం తొమ్మిదింటికి నా చేతికొచ్చింది. ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టరు గారికి ఉత్తరం. "విషయము: క్రీడాకారిణి పాదముల వెడల్పు నిర్దేశిత ప్రమాణము కంటే ఎనిమిది మిల్లీమీటర్లు అదనముగా ఉండుట. తగ్గింపు అవకాశములు పరిశీలించి, శుక్రవారము మధ్యాహ్నములోపు నివేదిక సమర్పించగలరు." కింద గమనిక కూడా ఉంది: "పాదము నడువగలిగిన స్థితిలో తిరిగి అప్పగించవలెను."

దేవమణిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు లలితకుమారి గారు ఉత్తరం రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివారు.

"ఏ ఎనిమిది మిల్లీమీటర్లు తియ్యమంటారు? లోపలి వైపువా, బయటి వైపువా?"

"మా ఆఫీసుకి పట్టింపు లేదు మేడం. ఏవైనా ఫర్వాలేదు."

"చిటికెన వేలు మొత్తం తీసేస్తే పద్నాలుగు వస్తాయి. మిగిలిన ఆరూ మీకు వాపసు ఇవ్వాలా?"

నేను ఆ సందేహం రాసుకున్నాను. రాసుకుంటుంటే ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. దేవమణి మాత్రం బల్ల మీద కూర్చుని, రెండు కాళ్లూ చీర కుచ్చెళ్ల కిందకి లాక్కుంది.

ఆవిడ కోపంగా నాలుగు వాక్యాల సర్టిఫికెట్ రాసి స్టాంపు కొట్టారు. పాదాలు రెండూ పరీక్షించితిని. ఎముకలు, కండరాలు, రక్తప్రసరణ సక్రమం. ఏ దోషమూ లేదు. ఫిట్.

బయటికొస్తుంటే దేవమణి అడిగింది. "సార్, ఆవిడ ఊఁ అనుంటే మీరు ఏటి సేసుందురు?"

"ఫైల్లో పెట్టేవాణ్ణి."

"నా ఏలునా?"

నేను ఫైలు చంక మార్చుకుని గేటు వైపు నడిచాను.  

ఆఫీసుకి ఎదురుగా అసిరినాయుడు షెడ్డు ఉంది. విరిగిన బండి మడ్‌గార్డులు, ఆటో బంపర్లు, చిల్లుపడ్డ నీళ్ల ట్యాంకులు వేడిగాలి తుపాకితో కరిగించి అతుకుతాడు. దేవమణి బూట్లు ఒళ్లో పెట్టుకుని ఆ నీడలో కూర్చుంది. అతను చేస్తున్న పని ఆపి, ఒక బూటు తీసుకుని గోటితో కొట్టి చూశాడు, వాసన చూశాడు.

"ఏటమ్మా ఇది, ఏనుగు సెప్పా?"

"మంచు మీద జారే బూటు బాబాయ్. ఎడల్పు సాలటం నేదు."

"ఎక్కడ నొక్కుతంది?"

ఆమె చూపించింది. అతను బొగ్గుతో అక్కడొక గుండ్రం గీశాడు. "ఇది మామూలు పలాస్టికే. ఇక్కడ వెచ్చబెట్టి, లోపల్నించి జాకీతో తోసి, తడిగుడ్డ వేసి ఆరబెడితే అలాగే నిలబడిపోద్ది. బంపరు సొట్ట తీసినట్టే. గంట పని. ఏటి బాబూ, సేసీమంటారా?"

ఆ ప్రశ్న నన్ను. ఈ సమస్యకి పరిష్కారం మా ఆఫీసు గేటుకి ఇరవై అడుగుల దూరంలో ఉందని నాకు తెలిసింది. అది నాలుగో నిబంధనకి విరుద్ధమని కూడా తెలిసింది. నేను జేబురుమాలు తీసి ఆ బొగ్గు గీత చెరిపేశాను.

"ఆకృతి మార్చకూడదు నాయుడూ."

"ఆకురితి ఎవుడిది?"

"ప్రభుత్వానిది."

"మరి కాలు?"

"ఆ అమ్మాయిది."

"అయితే బూటుకి దిక్కుంది గానీ కాలుకి నేదన్నమాట," అని మళ్లీ తన బంపరు దగ్గిరికి పోయాడు.

మధ్యాహ్నం సర్టిఫికెట్టు విశ్వంభరం గారి ముందు పెట్టాను. ఆయన దాని పక్కనే బూట్ల పెట్టెలో వచ్చిన కంపెనీ కాగితం పెట్టారు. అందులోనూ ఫిట్ అనే ఉంది. పాదం ఫిట్. బూటు ఫిట్. ఒకదానిలో ఒకటి పట్టడం లేదు.

"రెండు ధ్రువీకృత ఫిట్‌ల మధ్య వైరుధ్యము," అన్నారు మెల్లగా, చలికి చేతులు రుద్దుకుంటూ. "ఇటువంటి పరిస్థితి నియమావళి ముందే ఊహించి ఉండవలెను." పుటలు తిప్పారు. తొమ్మిదో నిబంధన దగ్గిర ఆగారు. ఆయన మొహంలో వెలుగొచ్చింది.

"వినవయ్యా గోవర్ధనం. 'ప్రతి జత బూట్లను ఒక ఫిట్ పర్సన్‌కు అప్పగించవలెను. సదరు ఫిట్ పర్సన్ మాత్రమే ఆ బూట్లతో పోటీలో పాల్గొనవలెను.' "

మామూలు మనిషి ఎవరైనా దీన్ని ఒకలాగే అర్థం చేసుకుంటాడు: బూటు ఎవరికి సరిపోతే వాళ్లకి ఇవ్వమని. కానీ దేవాదాయ శాఖలో ముప్ఫై ఏళ్లు చేసినవాడికి ఆ రెండు మాటలు కలిపి వినపడితే ఒళ్లు పులకరిస్తుంది. అక్కడ ఏ గుడికైనా ధర్మకర్తల మండలి లేకపోతే, కొత్త మండలి వచ్చేదాకా గుడినీ దేవుడి నగల్నీ చూసుకోవడానికి ఒక అధికారిని వేస్తారు. ఆయన హోదా పేరే ఫిట్ పర్సన్. విశ్వంభరం గారు ఆ హోదాలో పదకొండు గుళ్లు చూశారు.

"ఇన్ని రోజులూ ఈ బూట్లకు ఫిట్ పర్సన్ నియామకమే జరుగలేదు. అందుకే ఈ అరిష్టమంతా," అన్నారు. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. నేను రాశాను. డిప్యూటీ డైరెక్టరు విశ్వంభరం గారిచే, సదరు బూట్లకు ఫిట్ పర్సన్‌గా విశ్వంభరం గారిని నియమించడమైనది. సంతకం, విశ్వంభరం. అందినది, విశ్వంభరం.

"సార్, రెండో వాక్యం," అన్నాను.

"ఏమున్నది?"

"ఫిట్ పర్సన్ మాత్రమే పోటీలో పాల్గొనవలెను అనుంది. అంటే తమరే."

ఒక్క క్షణం ఆలోచించారు. "పోటీ ఎక్కడ?"

"కశ్మీరులో సార్."

"ప్రయాణ సౌకర్యము?"

"రానూపోనూ ఏసీ బోగీ సార్."

"విధి నిర్వహణకు వయసు అడ్డు కారాదు," అన్నారు ఆయన. "ఆ పిల్ల టికెట్టు రద్దు చేయించి, నా పేరున తీయించండి."

నేను వరండాలోకి వెళ్లి దేవమణికి చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. మేజోడు మడత పెట్టి సంచిలో పెట్టుకుంది.

"రేపు సారుకి బూట్లు ఎలాగెయ్యాలో నానే సూపిస్తాను సార్," అంది. "ఆరికి తెలవదు గదా."

టికెట్టు నేను రద్దు చేయించలేదు. చెయ్యలేదని ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ రోజు సాయంత్రం సర్వరు పని చెయ్యలేదని ఫైల్లో రాశాను.

గురువారం ఉదయం పదకొండింటికి, పదహారు డిగ్రీల చాంబరులో, విశ్వంభరం గారు సోఫా మీద కూర్చుని ప్యాంటు మోకాలి దాకా మడుచుకున్నారు. ఆయన పాదాలు చిన్నవి, సన్నవి, తెల్లవి. చిన్నప్పటి నుంచీ నేల మీద అడుగు పెట్టనివ్వకుండా పెంచారని ఆయనే గర్వంగా చెబుతుంటారు. దేవమణి కింద కూర్చుని ఒక కాలు బూటులోకి దింపింది. దిగిపోయింది. మడమ దించి తట్టింది. ఒకటో క్లిప్పు, రెండోది, మూడోది, నాలుగోది. రెండో కాలు కూడా అంతే.

"పట్టిందా సార్?"

"అచ్చముగా నా కోసము పోత పోసినట్లున్నది," అన్నారు ఆయన. నాకేసి గర్వంగా చూశారు. "చూచితివా? దోషము బూటులో లేదు. మొదటినుంచీ చెప్పుచునే ఉన్నాను."

"ఇప్పుడు లెగిసి, మోకాళ్లు ముందుకి వంచండి సార్. ఆ, అలాగ. రేపు కొండమీద అలాగే ఉండాలి. గేట్లుంటాయి, ముప్ఫై ఐదో నలభయ్యో. ఒక్కోటి తిప్పుకుంటా దిగీయాలి."

"గేట్లనగా తలుపులా?"

"కర్రలు సార్. అరవై కిలోమీటర్ల స్పీడులో వస్తాయి."

"కర్రలు వచ్చునా?"

"కర్రలు రావు సార్. మీరే ఎల్తారు."

 విశ్వంభరం గారు అలాగే మోకాళ్లు వంచి, చేతులు గాలిలో పెట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత సోఫాలో కూలబడి మామూలు గొంతుతో, "వీటిని విప్పండి," అన్నారు. పాపం, ఆ వాక్యం మాత్రం ఆయన మనుషుల భాషలో అన్నారు.

క్లిప్పులు ఊడాయి. బూట్లు ఊడలేదు. దేవమణి లాగింది. నేను లాగాను. అటెండరు నరసమ్మ ఆయన నడుం పట్టుకుంటే మేమిద్దరం చెరొక బూటూ పట్టుకుని లాగాం. ఆయన సోఫాతో సహా తలుపు దాకా వచ్చారు.

"ఈ చల్లదనానికి పలాస్టిక్ బిర్రబిగిసిపోతాది సార్," అంది దేవమణి. "అక్కడైతే గదిలో హీటరుంటాది. కాసేపు వెచ్చబెట్టి ఇప్పుతారు."

"ఏసీ ఆపుడు," అన్నారు విశ్వంభరం గారు.

రిమోట్ బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఆయన తాళాల గుత్తిలో ఉంది. గుత్తి ఆయన ఇంట్లో పూజగదిలో ఉంది. నరసమ్మ ఏసీ మెయిన్ స్విచ్చి తీసేసింది. గది చల్లదనం మాత్రం గోడల్లో అలాగే ఉండిపోయింది. ఆయన కాలివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నారు.

"ఎదురుగా అసిరినాయుడున్నాడు సార్," అన్నాను. "వేడిగాలి పెడితే వదులవుతుంది. కానీ ప్లాస్టిక్ ఆకృతి మారొచ్చు. నాలుగో నిబంధన."

"నాలుగు-బి చదువు," అన్నారు ఆయన పళ్లు బిగించి.

నాకు నాలుగు-బి నోటికొచ్చు. బుధవారం మధ్యాహ్నం నుంచీ నేను దాన్నే చదువుకుంటున్నాను. అయినా పుస్తకం తీసి నెమ్మదిగా చదివాను. ప్రభుత్వోద్యోగి అవయవమునకు అపాయము సంభవించు పక్షమున, కార్యాలయాధిపతి లిఖితపూర్వక అనుమతితో, పరికరముల ఆకృతిని అవసరమైనంత మేరకు మార్చవచ్చును.

క్రీడాకారిణి ప్రభుత్వోద్యోగి కాదు. ఆమె వేలికి ఈ నిబంధన వర్తించదు. విశ్వంభరం గారి వేలికి వర్తిస్తుంది.

"అనుమతి రాయి."

రాశాను. నా సర్వీసులో నేను రాసిన మంచి వాక్యం అది ఒక్కటే కాబట్టి ఇక్కడ మొత్తం ఇస్తున్నాను. "రెండు బూట్ల ఆకృతిని, అవసరమైన చోట, అవసరమైనంత మేరకు, అవసరము తీరువరకు మార్చుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది." ఎవరి అవసరమో నేను రాయలేదు. ఆయన అడగలేదు. ఆయన అప్పటికి ఒంటికాలి మీద నిలబడి నరసమ్మ భుజం పట్టుకుని ఉన్నారు.

అసిరినాయుడు వేడిగాలి తుపాకీ తీసుకుని వచ్చాడు. అయ్యగారి అవతారం చూసి నమస్కారం పెట్టాలా వద్దా అన్నట్టు ఆగి, చివరికి పెట్టాడు. కాళ్లు కాలనంత దూరంలో గాలి తిప్పుతూ, పాలు పితికేవాడిలా నెమ్మదిగా మడమల చుట్టూ వెచ్చబెట్టాడు. దేవమణి బూటు నాలుక ముందుకి లాగి పట్టుకుంది. ఐదు నిమిషాల్లో రెండు కాళ్లూ బయటికొచ్చాయి. ఎర్రగా, ఆవిరి పట్టిన వంకాయల్లా ఉన్నాయి.

విశ్వంభరం గారు వాటిని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరారు.

"గోవర్ధనం," అన్నారు. "నేను పోవలసినదేనా?"

"తమరు ఫిట్ పర్సన్ కదా సార్."

"అన్‌ఫిట్ అని రాయించుకొనిన?"

"ఇంకా రెండేళ్ల సర్వీసుంది తమరికి. అన్‌ఫిట్ అని ఒకసారి రికార్డులోకెక్కితే ప్రమోషను మాట అటుంచి, ముందస్తు విరమణ ఫైలు దానంతటదే నడవడం మొదలెడుతుంది."

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను చెప్పదలుచుకున్నది అప్పుడు చెప్పాను.

"బూటు తమకి పట్టకపోతే తమరు అన్‌ఫిట్ అవ్వరు సార్. బూటే తమకి ఫిట్ కాదు. అది బూటు రికార్డులోకి వెళ్తుంది."

"పట్టినది కదయ్యా. అచ్చముగా పట్టినది."

"ఎనిమిది మిల్లీమీటర్లు వెడల్పయితే పట్టదు సార్. అనుమతి ఎలాగూ ఉంది. అవసరం తీరేవరకూ అని రాశాం. తమ అవసరం ఇంకా తీరలేదు కదా."

ఆయన కళ్లు తెరిచారు. ఆ అనుమతి కాగితం తెప్పించుకుని చదివారు. ఎవరి అవసరం అన్న మాట లేదని అప్పుడు గమనించారు. నన్ను చూశారు. నేను గోడ మీద గడియారం చూశాను.

"విధివిధానములకు లోబడి, పని కానిమ్ము," అన్నారు.

మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా అసిరినాయుడి షెడ్డులో ఎవరి బంపరూ అతకలేదు. దేవమణి చిటికెన వేలి ఎముక మీద లిప్‌స్టిక్‌తో చుక్క పెట్టుకుని, డొప్పలో కాలు పెట్టి తీసింది. లోపల ఎర్ర మచ్చ పడింది. అసిరినాయుడు అక్కడ వేడి పెట్టాడు. లారీ జాకీ మొనకి కొయ్యబంతి బిగించి, లోపల్నించి ఒక్కో మర తిప్పాడు.

"సాలా తల్లీ?"

"ఇంకొంచెం బాబాయ్."

"ఇప్పుడు?"

"బొటనేలు పక్కన కూడా. ఆ. అక్కడ."

తడిగుడ్డ వేస్తే సుయ్యిమంది. ఆరాక సన్న మేజోడు వేసుకుని, నాలుగు క్లిప్పులూ పెట్టుకుని లేచింది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడని తాకుతున్నాయంది. మోకాళ్లు వంచగానే వెనక్కి జరిగాయంది. మడమ ఎత్తబోయింది, లేవలేదు. ఆమె నవ్వడం నేను మొదటిసారి అప్పుడు చూశాను.

"ఎలగుంది?" అన్నాడు అసిరినాయుడు.

"నా కాలే బాబాయ్. కూసింత బరువు, అంతే."

సాయంత్రం చాంబరులో విశ్వంభరం గారు అందరి ముందూ ఆ బూట్లలో కాలు పెట్టారు. అటూ ఇటూ ఊపారు. కాలు గిలక్కాయలా కదిలింది. ఆయన మొహంలో అంత సంతోషం పెన్షను ఆర్డరు వచ్చినా ఉండదు.

"ఫిట్ కాలేదు," అన్నారు. "రాసుకొనుము. సదరు బూట్లు నాకు ఫిట్ కానందున ఫిట్ పర్సన్ బాధ్యతల నుండి వైదొలగుచున్నాను. నా స్థానములో, పాదములు సరిపోయినట్లు ప్రత్యక్షముగా నిర్ధారించబడిన కుమారి కిల్లో దేవమణిని, తదుపరి మండలి ఏర్పడువరకు, సదరు బూట్లకు ఫిట్ పర్సన్‌గా నియమించడమైనది."

"తదుపరి మండలి ఏంటి సార్?" అన్నాను.

"అది మా పాత నమూనా. అట్లే ఉండనీయుము."

అలాగే ఉండనిచ్చాను.

శుక్రవారం నాలుగింటికి రైలు కదిలింది. బుధవారం రద్దు కావలసిన టికెట్టు మీద దేవమణి ఎక్కింది. బూట్లు సంచిలో పెట్టలేదు, ఒళ్లో పెట్టుకుంది.

పదకొండు రోజుల తర్వాత ఫోను వచ్చింది. మూడో స్థానం. రెండో స్థానానికి సెకనులో నాలుగో వంతు తేడా. కాలిగోళ్లు పదీ ఉన్నాయని ప్రత్యేకంగా చెప్పమందట. శిక్షణ కేంద్రంలో చోటు ఖాయమైంది. ఇక రాయిగెడ్డకి ఎండాకాలం సెలవుల్లోనే వస్తుంది.

పైఆఫీసు స్పందించింది. పతకం తెచ్చిన బూట్ల వెడల్పు నూట ఆరు మిల్లీమీటర్లు అని మా నివేదికలో చూసి, ఇకపై రాష్ట్రమంతటా బూట్లు నూట ఆరులోనే కొనాలని సర్క్యులర్ జారీ చేసింది. మా జిల్లాకి కొత్తగా ఎంపికైన ఒక కుర్రాడి పాదం తొంభై ఎనిమిది. నిన్ననే ఎముకల డాక్టరు గారికి ఉత్తరం తయారైంది: పాదము ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువ, పెంపు అవకాశములు పరిశీలించగలరు. ఆ ఉత్తరం పట్టుకుని వెళ్లాల్సిన రోజుకి నేను ముందే సెలవు పెట్టాను.

ఆ సర్క్యులర్ వచ్చిన టపాలోనే ఆడిట్ వాళ్ల మెమో కూడా వచ్చింది. స్టాకు రిజిస్టరులో తొంభై ఎనిమిది మిల్లీమీటర్ల బూట్లు ఉండగా, నివేదికలో నూట ఆరు ఎలా అయ్యాయి? మా స్టోరులో వస్తువు తగ్గడం మామూలే, దానికి ఆరు రకాల ఫారాలున్నాయి. పెరిగితే ఏ ఫారం నింపాలో ఎవరికీ తెలియలేదు. కాబట్టి బూట్లు వెంటనే వాపసు తెప్పించి కొలతకి హాజరు పరచమన్నారు.

నేను విశ్వంభరం గారి చాంబరులోకి స్వెట్టరు వేసుకుని వెళ్లాను.

"వాపసు ఎట్లు?" అన్నారాయన, నా చేతిలో మెమో చూసి. "ఫిట్ పర్సన్ ఆధీనములోని ఆస్తిని, తదుపరి మండలి ఏర్పడువరకు ఎవరును కదల్చరాదు. అది చట్టము."

"మండలి ఎప్పుడు ఏర్పడుతుంది సార్?"

ఆయన ఏసీ వైపు చూశారు. పదకొండు గుళ్లు చూసిన మనిషి.

"నాకు తెలిసి," అన్నారు, "ఎక్కడా ఏర్పడలేదు."